పసుపు మూటల పందెం

కర్నూల్లో నంద్యాల చెక్‌పోస్టు దగ్గర సిగ్నల్ పడింది. ఎడమపక్క తెల్లకారు, కుడిపక్క నీలంకారు. రెండూ కరెంటు బండ్లే. రెండింటి తలుపుల మీదా ‘టెస్ట్ డ్రైవ్’ అని బారెడు అక్షరాలు.

తెల్లకారులో హెన్రీ. తరంగ కార్ల షోరూంలో సేల్స్ ఉద్యోగానికి చేరి వారం. మెడకు కొత్త టై, కాళ్ళకు కొత్త బూట్లు. రెండూ కరుస్తున్నాయి.

నీలంకారు అద్దం కిందికి దిగింది. లోపల ఒక అమ్మాయి. చెవులకు చిన్న కమ్మలు, కళ్ళల్లో పెద్ద ఎగతాళి.

"ఏమప్పా, కొత్తా?"

"ఎవరు, నేనా, బండా?"

"ఇద్దరూ."

"ఇద్దరం కొత్తే. అయినా ఎనిమిదిన్నర సెకన్లలో నూరు అందుకుంటాం."

"అందుకో, అందుకో. ముందర ఆస్పత్రి గూడా ఉండాది."

పచ్చదీపం పడింది. హెన్రీ తొక్కాడు. ఆ బండికి గేర్లు లేవు, క్లచ్ లేదు, ముందూ వెనకా లేదు. తొక్కితే పోతుంది. పోయింది. పోయిన కాసేపటికే రోడ్డుకు అడ్డంగా స్పీడ్ బ్రేకరు. బండి ఎగిరింది, టై ఎగిరింది, హెన్రీ నెత్తి టాపుకు తగిలింది. నీలంకారు వెనకనుంచి పల్లకీ మాదిరి వచ్చి, స్పీడ్ బ్రేకరును బతిమాలి దాటినట్లు దాటి, పక్కన ఆగింది.

"బండి నూరు అందుకుందో లేదో గానీ, నువ్వు టాపు అందుకున్నావప్పా."

అంత జరిగాక ఏ మగవాడైనా సిగ్గుపడాలి. హెన్రీ ప్రేమలో పడ్డాడు. ఎప్పుడు ఏది చెయ్యాలో తెలియని వయసది.

ఆమె పేరు ప్రేమజ్యోతి. సొంతూరు కడప పక్క వేంపల్లె. పని ఇక్కడే కర్నూలు కల్లూరులో, మేఘ కార్ల షోరూంలో. ఆ షోరూం సరిగ్గా హెన్రీ షోరూంకు ఎదురుగా, రోడ్డుకు అవతల. రెండు షోరూంలకూ గాజు గోడలే. కాబట్టి కర్నూలు ఎండకు ఊరంతా కళ్ళు మూసుకుని నడుస్తుంటే, వీళ్ళిద్దరు మాత్రం చల్లగా ఏసీలో నిలబడి ఒకరినొకరు చూసుకోవచ్చు. జీతం తక్కువైనా ఆ ఉద్యోగంలో ఉన్న సుఖం అదొక్కటే.

సాయంత్రం టీకొట్టు దగ్గర రోజూ ఒకటే గొడవ.

"మీ మేఘ నిద్రలేచి ముఖం కడుక్కునేలోపల మా తరంగ ఊరు దాటి ఉంటాది."

"దాటి యాడికి పోతాది? ఏడుమంది ఎక్కితే మొదటి ఎగురుడు ఎగిరి, మల్ల ఆయాసపడతాది. మా బండి అట్ల కాదు. మొదట మెత్తగా లేస్తాది. అరవై దాటినాక చూడు దాని సంగతి. నిండా మనుషులుండాలి, ముందర లారీ ఉండాలి, దాన్ని దాటాలి. అప్పుడు తెలుస్తాది ఏది పిక్-అప్పో."

"ఎవరు చెప్పినారు?"

"నడిపి చూడు."

అట్లా మొదలైంది ఆ అలవాటు. ఎదుటివాళ్ళ సరుకు తెలియకుండా మన సరుకు అమ్మలేం అని ఒక సాకు. ఆదివారం చర్చి అయిపోయాక ఇద్దరూ బండ్లు మార్చుకునేవాళ్ళు. కల్లూరు అవతల ఇండ్ల స్థలాలకని వేసిన వెంచర్ ఒకటుంది. గొప్ప ఆర్చీ, నల్లని తారురోడ్డు, తెల్లటి హద్దురాళ్ళు. ఇండ్లు మాత్రం ఒక్కటీ లేవు. కొన్నవాళ్ళు ఏడ్చుకోవడానికి తప్ప ఎవరూ రారు. ఆ ఖాళీ రోడ్డు మీద ఆమె తరంగను ఎగిరించేది, ఇతను మేఘను నడిపించేవాడు. రోడ్డు చివర్లో ఒక మిట్ట. ఆ మిట్ట ఎక్కేటప్పుడు హెన్రీకి తెలిసిపోయింది, జ్యోతి చెప్పింది నిజమేనని. ఒట్టిబండిగా నిలబడిన చోటునుంచి లేవాలంటే తరంగ. బరువుతో ఎక్కాలంటే, దాటాలంటే మేఘ.

తెలిసింది గానీ ఒప్పుకోలేదు.

"ఏం, ఎట్లుండాది?"

"సీటు మెత్తగుండాది."

"సీటు అడిగినానా?"

"ఏసీ గూడా బాగుండాది."

ఆమె నవ్వింది. ఆ నవ్వు కోసమే ఒప్పుకోకుండా ఉండేవాడు అతను.

కొడుకు తమ చర్చి మానేసి ఆమె పోయే చర్చికి పోతున్నాడని తండ్రి దాసన్నకు తెలిసింది.

"ఏమిరా, మన చర్చికి రాకుండా ఆడికేంటికి పోతాండావు?"

"ఆడ పాస్టరు బాగా చెప్తాడు నాయనా."

"ఏం చెప్పినాడు ఈ వారం?"

హెన్రీ తల గోక్కున్నాడు. తండ్రులకు అన్నీ తెలుస్తాయి. తెలిసీ నోరు మూసుకుంటారు, తరవాత అనుభవించేది పిల్లలు.

అన్నిటికీ తొందరపడే హెన్రీ ఒక్క మాట దగ్గర మాత్రం ఆగిపోయాడు. రెండు ఎండాకాలాలు గడిచాయి. ఆ మాట గొంతు దాటలేదు. రేపు చెప్తాను, ఆదివారం చెప్తాను, వానొస్తే చెప్తాను. కర్నూల్లో వానను నమ్ముకున్నవాడి పని ఎప్పుడు అయింది గనుక!

అప్పుడు దిగాడు కేశవయ్య.

కడప పసుపు మార్కెట్లో ఆయన మాటంటే మాట. నలభై ఏళ్ళుగా డీజిలు జీపు తప్ప ఇంకోటి నడపని మనిషి. పెద్ద డాక్టరు, ఆ జీపు పొగ, పసుపు దుమ్ము రెండూ నీ ఊపిరితిత్తులకు పడవు, ఒకటి మానుకో అన్నాడట. పసుపు ఎట్లా మానుతాడు? అందుకని కరెంటు కారు కొనడానికి భార్య ప్రమీలమ్మను వెంటబెట్టుకుని కర్నూలు వచ్చాడు. రెండు షోరూంలూ తిరిగాడు. రెండుచోట్లా మజ్జిగ తాగాడు. తరవాత రోడ్డు మధ్యకొచ్చి నిలబడి ఇద్దర్నీ చెయ్యూపి పిలిచాడు.

"చూడండప్పా. మీ కాయితాల్లో ఉండే సెకన్లు నాకు తెల్దు. సరుకును సరుకు పక్కన పెట్టి చూసేది మా పద్ధతి. పసుపు కొమ్ము కొన్నా అంతే, కోడల్ని తెచ్చుకున్నా అంతే. రెండు బండ్లూ ఒకే రోడ్డు మీద, ఒకే బరువుతో నడపల్ల. గెల్చిన బండి నాది."

"తప్పకుండా శెట్టిగారూ. ఎంతమంది ఎక్కుతారు?" అంది జ్యోతి.

"మా ఇంట్లో ఏడుమందిమి. అందర్నీ యాడ తెచ్చేది? వాళ్ళ బరువుకు సరిగ్గా పసుపు మూటలు కట్టించి లారీలో పంపిస్తా."

ప్రమీలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మా తమ్ముని మూట మాత్రం కొంచెం తగ్గించు. ఆ మనిషి ఈ మధ్య చిక్కినాడు."

"చిక్కలా. నేను అప్పజెప్పిన పని తగ్గించుకున్నాడు, అంతే."

"ఎప్పుడు పెట్టుకుందాం శెట్టిగారూ?" అన్నాడు హెన్రీ.

"ఎల్లుండి పొద్దున. ఆ మరునాడు దాటితే మూఢం వస్తాది. మూఢంలో బండి కొనేదిల్యా. పందెం కాగానే అదే ఊపులో పూజ గూడా అయిపోవల్ల."

ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర జ్యోతి గ్లాసు పట్టుకుని చాలాసేపు తాగలేదు.

"హెన్రీ, ఒక మాట. మా కంపెనీ కడపలో కొత్త బ్రాంచి తెరుస్తాండాది. కేశవయ్య కొంటే పసుపు మార్కెట్టంతా ఆయన ఎనకాల వస్తాదని మా మేనేజరు లెక్క. ఈ బండి అమ్మితే కడప బ్రాంచి నాకే ఇస్తామన్నారు. మేనేజరుగా."

హెన్రీకి టీ చేదైంది. అయినా నవ్వాడు. "మంచిదే గదా."

"మంచిదేనా?"

"మంచిదే. మేనేజర్ మేడం."

"అంతేనా? ఇంగేం చెప్పవా?"

"ఏం చెప్పల్ల?"

ఆమె అతని ముఖంలోకి చూసింది. చూసి, టీ మొత్తం ఒక్క గుక్కలో తాగి, గ్లాసు బల్ల మీద పెట్టింది. "ఏం లేదులే" అని రోడ్డు దాటి పోయింది.

అడిగే నోరు అడిగింది. చెప్పే నోరు మూసుకుంది. ఇంతకన్నా పెద్ద తెలివితక్కువ పని మరునాడు చేస్తాడని అప్పుడు అతనికే తెలియదు.

మరునాడు మధ్యాహ్నం దాటాక ఎర్రదుమ్ము లేచింది. దుమ్ము వెనక గాలి, గాలి వెనక వాన. ఫ్లెక్సీలు చిరిగాయి, ఒక షెడ్డు రేకులు లేచిపోయాయి. మేఘ షోరూం ముందున్న ట్రాన్స్‌ఫార్మరు ఢామ్మని పేలింది. కల్లూరులో సగానికి కరెంటు పోయింది.

హెన్రీ షోరూం వెనక పెద్ద జనరేటరు మొదలైంది. పొగలేని కార్లు అమ్మే అంగడికి పొగ చిమ్మే డీజిలు జనరేటరు! దాని గురించి అడిగినవాళ్ళెవరూ లేరు.

వానలో రోడ్డు దాటుకుంటూ జ్యోతి వచ్చింది. జుట్టు ముఖానికి అతుక్కుంది. గాజుతలుపు తోసుకుని లోపలికొచ్చేసరికి ఆమె చెప్పులనుంచి నీళ్ళు కారుతున్నాయి. రెండేళ్ళుగా అతను అడుగుతూ వచ్చిన వాన అదే.

"హెన్రీ, మా దాంట్లో చార్జింగు శానా తక్కువుండాది. ఈ పొద్దంతా టెస్ట్ డ్రైవులకు తిప్పినారు. మా ట్రాన్స్‌ఫార్మరు రేపు సాయంత్రానికి గాని కాదంట. ధాబా దగ్గర చార్జర్ గూడా ఇదే లైను. మీ చార్జర్ మీద కాసేపు పెట్టుకోనిస్తావా?"

చార్జింగు బాగా తగ్గితే ఆ బండ్లు బలం దాచుకుంటాయి. ఎంత తొక్కినా మెల్లగానే పోతాయి. డ్యాష్‌బోర్డు మీద చిన్న తాబేలు బొమ్మ వెలుగుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

హెన్రీ ఆమెను చూశాడు. తడిసిన ముఖం. మేఘ గెలిస్తే ఈ ముఖం కడపలో ఉంటుంది. ఎదురుగా ఉన్న గాజుగోడ వెనక ఇంకెవరో నిలబడి ఉంటారు. ఓడితే ఇక్కడే ఉంటుంది.

"జనరేటరు మీద చార్జర్ నడపొద్దని మా మేనేజరు చెప్పినాడు జ్యోతీ. కాలిపోతాదంట."

"ఒక్క గంట గూడానా?"

"లేదంట."

"మరి నీ బండి?"

"నిన్ననే నింపి పెట్టినా."

మేనేజరు అట్లా ఏమీ చెప్పలేదు. ఆ నిమిషంలోనే షోరూం వెనక రేకుల కింద హెన్రీ తెల్లకారు జనరేటరు కరెంటు తాగుతూ ఉంది.

జ్యోతి అనుమానించలేదు. అదీ అసలు బాధ. "సర్లే, నీ చేతిలో ఏముండాది" అంది. వానలోకి పోబోతూ వెనక్కి తిరిగి నవ్వింది. "తాబేలు గూడా ఒకసారి గెలిచిందంటారు గదా."

వెంచర్ రోడ్డు పొద్దున్నే కడిగినట్లుంది. కేశవయ్య లారీ దిగింది. మూటలమీద బొగ్గుతో గుర్తులు. "ఇది మా పెద్దోడు. ఇది కోడలు. ఇది మా బామ్మర్ది, ఎనక సీట్లో పడెయ్యండి. ఏం కాదు, వానికి అలవాటే."

ప్రమీలమ్మ ముందుసీట్లో మజ్జిగ చెంబు పట్టుకుని కూచుంది. అది ఆమె సొంత పరీక్ష. "ఎంత తొందరగా పోతాదో ఆయన చూసుకుంటాడు. నాకు చీర తడవకుండా ఉంటే చాలు."

ముందు తరంగ. హెన్రీ తొక్కగానే బండి విల్లు వదిలిన బాణం మాదిరి లేచింది. చెంబులో మజ్జిగ సగం ప్రమీలమ్మ ఒడిలో పడింది. "ఓరి నీ పాసుగూలా!" అని ఆమె అరిచేలోపల రోడ్డు సగం అయిపోయింది. మిట్ట దగ్గర బండి కాస్త అలిసింది గానీ ఎక్కేసింది.

తరవాత మేఘ. మెత్తగా లేచింది. మజ్జిగ చుక్క కారలేదు. ప్రమీలమ్మ ముఖం వెలిగింది. రోడ్డు చివరికొచ్చేసరికి, అసలు బలం చూపాల్సిన మిట్ట దగ్గర, తాబేలు బొమ్మ వెలిగింది. జ్యోతి కాలు కిందికంటా నొక్కి పెట్టింది. బండి బరువు మోయలేని ముసలిదాని మాదిరి ఒక్కో అడుగే వేసుకుంటూ పైకెక్కింది.

"ఏం పాపా, ఇంతేనా?" అన్నాడు కేశవయ్య.

"చార్జింగు తక్కువుండాది శెట్టిగారూ. నిండా ఉంటే ఇట్ల ఉండదు."

"మరి నింపుకోని రాకూడదా?"

"కరెంటు పోయింది."

"ఆ అబ్బికి పోలేదే?"

జ్యోతి హెన్రీ వైపు చూడలేదు. అతన్ని ఇరికించడం ఇష్టం లేక, తల దించుకుంది. "నాదే తప్పు శెట్టిగారూ. ముందే చూసుకోవల్ల."

ఆ మాట విన్నప్పుడైనా నోరు తెరిచుంటే ఈ కథ ఇంకో మాదిరి అయ్యేది. హెన్రీ కేశవయ్య ఇచ్చిన చెయ్యి పట్టుకుని ఊపాడు.

జ్యోతి దగ్గరికొచ్చి అతని టై సరిచేసింది. రెండేళ్ళలో మొదటిసారి. "గెల్చినావప్పా. తరంగ మంచి బండే, నేనే వాదిస్తాంటి."

ఆ మరునాడే, మూఢం రాకముందు ఆఖరి మంచి రోజున, కడపలో కేశవయ్య అంగడి ముందు పూజ. ప్రమీలమ్మ జ్యోతికి ఫోన్ చేసింది. "మజ్జిగ ఒలకనీయని బండి నీది పాపా. నా మాట ఈడ ఎవరు వింటారు? నువ్వు గూడా రా. మా చుట్టాల్లో ఇద్దరు కొనాలంటాండారు."

అందుకని కొత్త తరంగలో హెన్రీ, పక్కన జ్యోతి, కర్నూలునుంచి కడపకు బయలుదేరారు. ఎదురెదురు షోరూంలవాళ్ళు ఒకే కారులో పోవడం చూసి టీకొట్టతను ఈల వేశాడు.

నంద్యాల దాటింది. ఆళ్ళగడ్డ దాటింది. వానకు తడిసిన నల్లరేగడి పొలాలమీద కొంగలు వాలుతున్నాయి. హెన్రీ బండిని అరవై దాటనివ్వలేదు. లారీలు దాటిపోతున్నాయి, బస్సులు దాటిపోతున్నాయి. ఒక ట్రాక్టరువాడు కూడా హారను కొట్టి దాటాడు.

"ఏందప్పా ఇది? ఎనిమిదిన్నర సెకన్ల బండిని ఎద్దుల బండి చేసినావే!"

"కొత్త బండి. మెల్లగా పోవల్ల."

"అట్లని యాడ రాసినారు?"

ఈ రోడ్డు ఎంత పొడుగైతే అంత బాగుండునని అతని ఆశ. చాగలమర్రి దగ్గర ఆపి సోడా తాగించాడు. మైదుకూరు దగ్గర మళ్ళీ ఆపి, అక్కర లేకపోయినా టైర్లలో గాలి చూయించాడు.

"కడప బ్రాంచికి తిరుపతినుంచి జయకుమార్ అని ఒకాయన వస్తాండాడంట" అంది జ్యోతి, కిటికీ బయటికి చూస్తూ. "నిన్ననే చెప్పేసినారు."

"అంటే నువ్వు కర్నూల్లోనే ఉంటావు."

"ఉంటా. ఎదురుగానే." ఆమె కిటికీ వైపునుంచి ఇటు తిరిగింది. "నీకు సంతోషమేనా?"

హెన్రీకి ఎంత సంతోషమంటే, ఆ గొంతులో ఏముందో వినపడలేదు.

అట్లా సాగదీసుకుంటూ కడప చేరేసరికి ముహూర్తం నెత్తిమీదికొచ్చింది. పసుపు మార్కెట్ జనంతో నిండిపోయింది. పూజ చేసే అయ్యవారు గడియారం చూసుకుంటున్నారు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. గుమ్మడికాయ తిప్పారు. కొత్తబండి ఇచ్చేటప్పుడు కొన్నవాణ్ణి పక్కన కూచోబెట్టుకుని, అన్నీ వివరంగా చెప్పి, ఒక చుట్టు తిప్పించాలి. అది ఆ ఉద్యోగంలో మొదటి పాఠం. దానికి టైం లేదు. దారిలో తాగిన సోడాలో, టైర్ల గాలిలో ఆ టైం అయిపోయింది.

"శెట్టిగారూ, బ్రేకు వదిలితే చాలు, అదే కదులుతాది. మిగిలింది పూజ అయినాక చెప్తా."

"పందెంలో ఎగిరింది గదా, ఆ మోడ్ పెట్టప్పా. మార్కెట్టంతా చూస్తాండారు."

హెన్రీ, తొక్కీ తొక్కగానే బండిని దూకించే స్పోర్ట్ మోడ్ పెట్టి దిగాడు. జ్యోతి అటువైపునుంచి కేకేసింది, "హెన్రీ, ఆ మోడ్ వద్దు!" మేళం చప్పుడులో ఎవరికీ వినపడలేదు.

కేశవయ్య స్టీరింగు పట్టుకుని చెవి ఒగ్గి విన్నాడు. చప్పుడు లేదు. నలభై ఏళ్ళు ఆయన జీపు ఎక్కగానే చేసిన మొదటి పని, ఒకసారి తొక్కి ఇంజను గుర్రుమన్నాక క్లచ్ వదలడం. గుర్రుమనకపోతే బండి లేవలేదని అర్థం.

"స్టార్టయిందా ఇది?" అన్నాడు. అలవాటుగా బ్రేకు మీది కాలు తీసి, ఒకసారి గట్టిగా తొక్కాడు.

బండి దూకింది. హారతి పళ్ళెంతో ముందు నిలబడిన ప్రమీలమ్మ పక్కకు ఎగిరి పడింది. కారు పోయి అంగడి ముందు పేర్చిన పసుపు మూటల గోడలో దూరింది. గోనెసంచులు పగిలాయి. పసుపు మబ్బు లేచింది. ఆకాశం లేదు, మార్కెట్టు లేదు, మనుషులు లేరు. అంతా పసుపు.

మబ్బు దిగేసరికి కేశవయ్య స్టీరింగు పట్టుకుని అట్లాగే కూచున్నాడు, దెబ్బ తగల్లేదు. ప్రమీలమ్మ కుడిచెయ్యి మణికట్టు దగ్గర వంకర తిరిగింది. ఆమెను లేపడానికి రెండువైపులనుంచీ హెన్రీ, జ్యోతి పరుగెత్తి వచ్చారు. ఇద్దరూ తలనుంచి కాళ్ళదాకా పసుపే.

అంత నొప్పిలోనూ ఆమె వాళ్ళను చూసింది. "అయ్యో, ఇద్దరికీ నలుగు పెట్టినట్లుండాదే తల్లీ!"

హెన్రీకి ఆ పసుపు ఒళ్ళంతా మండింది.

ఆస్పత్రి వరండాలో బల్ల మీద ఇద్దరే కూచున్నారు. లోపల ప్రమీలమ్మకు కట్టు కడుతున్నారు. హెన్రీ చేతులు చూసుకుంటున్నాడు. గోళ్ళల్లో పసుపు పోలేదు.

"బాధపడొద్దు హెన్రీ" అంది జ్యోతి. "ఆయనకు జీపు అలవాటు. నువ్వు నాయంగా గెల్చినావు, బండి అమ్మినావు. నీ తప్పేముండాది?"

నాయంగా అన్నమాట దగ్గర అతను తట్టుకోలేకపోయాడు.

"మేనేజరు చెప్పలేదు జ్యోతీ."

"ఏం?"

"జనరేటరు మీద చార్జర్ నడపొద్దని. ఎవరూ చెప్పలేదు. నువ్వొచ్చినప్పుడు ఎనక రేకుల కింద నా బండికే చార్జింగు ఎక్కుతాంది."

నర్సు ఒకామె ట్రాలీ తోసుకుంటూ పోయింది.

"ఏంటికి?"

"నువ్వు కడపకు పోతావని."

"పోవద్దని చెప్పింటే అయిపోయేది గదా."

"చెప్తే ఉండేదానివా?"

"ఉండేదాన్నో, లేదో. ఆలోచిస్తాంటి. నువ్వు అడగనే లేదు. నా బండికి కరెంటు లేకుండా చేసినావు." ఆమె గొంతు పెరగలేదు. పెరిగినా బాగుండేది. "నీకొకటి చెప్పల్ల. కడప బ్రాంచికి నాతో పాటు ఇంకొకర్ని తీసుకుంటామన్నారు. ఎవరు కావల్ల అని అడిగినారు. నీ పేరు చెప్పినా. గెలిచినాక నీకు చెప్దామనుకున్నా. ఆ పొద్దు టీకొట్టు దగ్గర నీ నోట్లోనుంచి ఒక్క మాట వస్తాదేమోనని చూసినా. మంచిదే అంటివి."

హెన్రీ ఏదో అనబోయాడు.

"వద్దు. ఇంగేం చెప్పొద్దు. నా ఎనకాల రావద్దు, ఫోన్ చెయ్యొద్దు. ఎప్పుడన్నా నాకై నేను ఆగితే, అప్పుడు మాట్లాడుదువు."

ఆమె లేచింది. కొళాయి దగ్గర ముఖం కడుక్కుంది. పసుపు సగమే పోయింది. అట్లాగే బస్టాండుకు నడిచిపోయింది.

నెల తిరక్కుండానే ఎదురు షోరూంలో ఆమె నిలబడే చోట ఇంకెవరో అబ్బాయి నిలబడ్డాడు. జ్యోతి ఉద్యోగం మానలేదు, తనే అడిగి కడపకు మార్పించుకుంది. మేనేజరుగా కాదు, ఆ జయకుమార్ కింద మామూలు సేల్స్‌గానే. వేంపల్లెనుంచి రోజూ పోయివస్తుందని టీకొట్టతను చెప్పాడు. హెన్రీ అడగకుండానే.

ఎవరికోసమైతే అబద్ధమాడాడో ఆ మనిషే పోయింది. కమీషను మాత్రం వచ్చింది. దాంతో అతను ఏమీ కొనుక్కోలేదు.

చేసింది వెనక్కి తీసుకోలేడు గాని, ఎగ్గొట్టిన పాఠం ఒకటి మిగిలింది. ప్రతి ఆదివారం చర్చి కాగానే కడప బస్సు ఎక్కి, కేశవయ్యకు కారు నేర్పడానికి పోయేవాడు. మొదటి వారం కేశవయ్య తలుపే తీయలేదు. రెండోవారం ప్రమీలమ్మ ఎడమచేత్తో తీసి, "లోపలికి రాప్పా. అన్నం తిని నేర్పుదువు" అంది.

"చప్పుడు కోసరం తొక్కొద్దు శెట్టిగారూ. చప్పుడు రాదు. వేలితో పసుపు కొమ్ము మెత్తదనం చూస్తారే, అట్ల కాలు పెట్టల్ల."

"అట్ల చెప్పు. ఆ పొద్దే చెప్పింటే మా ఆడమనిషి చెయ్యి బాగుండేది గదా."

"అవును శెట్టిగారూ."

ఆయన ప్రతివారం ఆ మాట అనేవాడు. హెన్రీ ప్రతివారం అదే జవాబు చెప్పేవాడు. పాఠంలో అదీ ఒక భాగమైపోయింది.

ఒక ఆదివారం సాయంత్రం వేంపల్లె రోడ్డు మీదికి పోయారు. కేశవయ్య నడుపుతున్నాడు, ఇప్పుడు మెత్తగా నడుపుతున్నాడు. వెనకనుంచి ఒక నీలంకారు వచ్చి, అరవై దాటిన బండికి ఉండే ఆ నిబ్బరమైన బలంతో, పక్కనుంచి దాటిపోయింది. దాటేటప్పుడు లోపలున్న మనిషి కేశవయ్యకు చెయ్యూపింది. ఒక్క క్షణం ఆమె చూపు పక్కసీటు మీద పడింది. మళ్ళీ రోడ్డు మీదికి పోయింది.

"మన జ్యోతి పాప!" కేశవయ్య ఉత్సాహంగా సర్దుకున్నాడు. "తొక్కనా అప్పా? ఆ మోడ్ పెట్టు, అందుకుంటాది మన బండి."

"బండి అందుకుంటాది శెట్టిగారూ. మీరు ఇట్లనే పోనీండి."

నీలంకారు ముందుకు పోయింది, చిన్నదైంది. ఉన్నట్టుండి దాని వెనక ఎర్రదీపాలు వెలిగాయి. బండి ఆగింది. హెన్రీ సీట్లో ముందుకు వంగాడు. రెండేళ్ళుగా చెప్పని మాట నాలుక చివరికి వచ్చి నిలబడింది.

దగ్గరికి పోయారు. కేశవయ్య బండిని ఆమె వెనకనే ఆపాడు. "చూసినావా? ఆగింది గదా! దిగు, పో, మాట్లాడు!"

హెన్రీ తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. నీలంకారు అద్దంలో ఆమె కళ్ళు కనపడ్డాయి. ఆ కళ్ళు ముందుకే చూస్తున్నాయి. దుమ్ము రేపుకుంటూ గొర్ల మంద రోడ్డు దాటుతోంది. కట్టె ఊపుతూ కాపరి అదిలిస్తున్నాడు.

అతను పిడి మీద చెయ్యి తీశాడు.

"గొర్ల కోసరం ఆగింది శెట్టిగారూ. నా కోసరం కాదు."

ఆఖరి గొర్రెపిల్ల దాటింది. నీలంకారు మెత్తగా లేచి వెళ్ళిపోయింది.